భూపరీక్ష – నాడు, నేడు



ఆలయ నిర్మాణమునకు ముందు భూపరీక్ష చేయవలయునని మన వాస్తు గ్రంథములు విధించినవి. మూరెడు గొయ్యి త్రవ్వి, ఆ మన్నుతోనే పూడ్చవలయును. మన్ను మిగిలినచో ఉత్తమము, సరిపోయినచో మధ్యమము, చాలకున్న అధమము. నేల గట్టిదనమును తెలిసికొనుటయే ఇందలి ఉద్దేశము.

అయితే మూరెడు గొయ్యి మూరెడు లోతు సంగతినే చెప్పును. మన అచ్చంపేట ప్రాంతమున ఒకచోట గట్టి రాయి, కొద్ది అడుగుల అవతల మెత్తని మొరము ఉండుట బావులు త్రవ్వించినవారు ఎరిగినదే. గోపురము సగము రాతిపై, సగము పూడిక మన్నుపై నిలిచినచో ఒక ప్రక్క క్రుంగి బీటలు వారును. జీర్ణోద్ధరణ వేళ గర్భాలయము చెంత లోతుగా త్రవ్వుటయు క్షేమము కాదు.

ఇట్టిచోట శాస్త్రజ్ఞులు ఉపరితల తరంగ పరీక్ష చేయుదురు. జియోఫోనులను, తరచుగా 24, సరళరేఖలో సమదూరమున నేలలో గ్రుచ్చి, వరుస కొసకు కొంత ఆవల ఇనుప పలకపై సమ్మెటతో మోదుదురు. పొట్టి తరంగములు పైపొరలోను, పొడవైనవి లోతుగను సాగును. వాని వేగమును బట్టి ఏ లోతున నేల ఎంత గట్టిదో గణింతురు.

కీలకమంతయు కూర్పులోనే ఉన్నది. జియోఫోనుల నడుమ ఎడము ఎక్కువైనచో పైపొర సరిగా తెలియదు. వరుస పొట్టిదైనచో లోతు తెలియదు. ప్రాకారములో పొడవైన వరుసకు చోటు లేకున్న, వానిని వలయముగ పేర్చి నడుమ ఒకటి నిలిపి, బండ్లు, గాలి, జనుల అడుగులు పుట్టించు కంపనములనే గ్రహింపవచ్చును. ఈ మార్గమునకు జపాను శాస్త్రజ్ఞుడు కెయిటి అకి 1957లో పునాది వేసెను. ప్రక్కనుండి వచ్చు తరంగము సరళరేఖను ఒక్కమారే తాకి, అతివేగముగ సాగినట్లు భ్రమ గొల్పును. వలయమున ఆ దోషము తగ్గును. కర్ణాటకలోని గౌరీబిదనూరున 1965లో నెలకొల్పిన కేంద్రమునందును భూకంపనముల దిక్కును, వేగమును పట్టుటకై 20 గ్రాహకములను రెండు లంబ భుజములుగ పరచిరి.

దక్కను నేల కదలదను ధీమా తగదు. 1993 సెప్టెంబరు 30న కిల్లారి నేలమట్టమైనది. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతమున 5.3 తీవ్రతతో భూమి కంపించినది.

కావున ఆలయములు నిర్మింపదలచిన పెద్దలారా! శంకుస్థాపనకు ముందే, హైదరాబాదున 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట నిపుణులను సంప్రదింపుడు. గుండ్లు దాగిన నేలలో ఒక్క వరుస సగటునే చూపును. రెండు దిక్కుల పరీక్షించి, ఒకటి రెండు బోర్లతో సరిచూడుడు. ముహూర్తబలము మేము చూతుము. భూబలము వారు చూతురు. రెండును కూడిననాడే విమానము తరతరములు నిలుచును.

శుభమస్తు.