పరుగు ఆగిన వేళ

కళాశాల పందెములలో పేరు తెచ్చుకొన్న విద్యార్థికి, పట్టభద్రుడు కావలసిన చివరి సంవత్సరముననే జంఘాస్థిలో, అనగా మోకాలి క్రింద ముందువైపున చేతికి తగులు ఎముకలో, సన్నని చీలిక ఏర్పడినచో, నొప్పికంటె ముందు "ఇక నా గతి ఏమి?" అను చింతయే అతనికి నిద్ర పట్టనీయదు. అట్టివారిని తలచినపుడెల్ల నా మనస్సు చివుక్కుమనును.

ఈ చీలిక ఒక్క దెబ్బతో కలుగునది కాదు. పరుగువలన ఎముకలో ఏర్పడు సూక్ష్మక్షతములను శరీరము విశ్రాంతివేళ పూడ్చుకొనుచుండును. విశ్రాంతియు తిండియు చాలక, శిక్షణ మాత్రము అకస్మాత్తుగా పెరిగినపుడు క్షయము పూరణమును మించిపోవును. వ్రేలితో నొక్కినచో ఒక్కచోటనే కలుక్కుమను నొప్పి దీని గురుతు. తొలిదినములలో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చును గనుక, చిత్రము బాగున్నదని మరల పరుగెత్తరాదు. మానుటకు సాధారణముగా 6 నుండి 8 వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. అంతవరకు వైద్యుని అనుమతితో, పాదము నేల తాకనంత లోతు నీటిలో తేలెడు పట్టీ కట్టుకొని పరుగు అభ్యసించినచో దమ్ము తగ్గదు.

ఆ వారములే ముందుదారిని వెదకుటకు తగిన సమయము. 1954 మే 6న ఆక్స్‌ఫర్డులో మైలును 3 నిమిషముల 59.4 సెకనులలో ముగించిన రోజర్ బానిస్టరు అప్పటికి వైద్యవిద్యార్థియే. ఆ యేడే పందెములు విడిచి, పిమ్మట నాడీవైద్యుడయ్యెను. మనవారికి వ్యాయామోపాధ్యాయ శిక్షణయు, 1961లో పాటియాలాలో వెలసిన జాతీయ క్రీడాసంస్థలోని శిక్షకవిద్యయు, క్రీడాకారులకు రైల్వేలు ఇచ్చు ఉద్యోగములును కలవు. ఈ చివరిదానికి గుర్తింపుగల పోటీల యోగ్యతాపత్రములు చూపవలసియుండును. వానిని కళాశాల విడువకముందే కార్యాలయమున అడిగి తీసికొనవలెను.