బీమా సొమ్ము తీర్చువారు



బడిపంతులనగుటచే నెందఱకో బీమా కాగితములు చదివి చెప్పితిని. పత్రము వ్రాయించు ఏజెంటును మీరెఱుఁగుదురు. సొమ్ము తీర్చు శాఖవారి నెఱుఁగరు. అందు గుమాస్తాలు కాగితములు పరిశీలింతురు. ఇల్లు కాలినచో బీమా సర్వేయరు నష్టమునకు వెల కట్టును. మరణమైనచో కారణమును విచారింతురు. వీరి నివేదికలను తూఁచి తీర్పు చెప్పువాఁడు శాఖాధికారి. అతఁడు త్రాసుముల్లువలె నుండవలయును. కల్లకోరికకు సొమ్మిచ్చినచో తక్కిన బీమాదారులకు నష్టము. నిజమైనదానిని నిరాకరించినచో నొక కుటుంబమునకు కూడు పోవును.

ఆ యధికారి కలమునకు చట్టము కట్టుబాటు చేసినది. 1938 నాఁటి బీమాచట్టమందలి 45వ సెక్షనును 2015లో సవరించిరి. జీవితబీమా పత్రమునకు మూఁడేండ్లు నిండిన పిదప దాని నే కారణముచేతను ప్రశ్నింపరాదు. మురిగిన పత్రమును పునరుద్ధరించినచో, ఆ నాఁటినుండియే లెక్క. గడువులోపల ప్రశ్నించినను హేతువును వ్రాసి తెలుపవలయును. న్యాయము జరుగలేదని తోఁచినచో మొదట కంపెనీకి అర్జీ పెట్టుఁడు. అచట తీరనిచో హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు విన్నవింపుఁడు. అందులకు రుసుము లేదు.

మీ వంతు పనియుఁ గలదు. వ్యాధిని దాఁపక చెప్పుఁడు. నామినీ పేరు వ్రాయింపుఁడు. పత్రమున్న చోటు ఇల్లాలికిఁ దెలుపుఁడు. ఆమె యెఱుఁగక పెట్టె యడుగున నుండిపోయిన పత్రములను నేను చూచితిని. సత్యము చెప్పి, పత్రము దాఁచుకొన్నవాఁడు సొమ్మడుగుటకు జంకనక్కఱలేదు.

సెలవు.