ఎవరు చెప్పిరో మరువరాదు
(గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



సంతలో అపరిచితుడొకడు విత్తనముల సంచి చూపి, ‘ఇవి చల్లిన ఎకరమునకు రెట్టింపు పండును’ అనును. రసీదు ఇయ్యడు, తన ఊరు పేరు చెప్పడు. మనము వాని మాట నమ్మక ఇంటికి వత్తుము. ఆ దినమున మన వివేకము మనలను కాపాడినది. కాని రెండు నెలల పిమ్మట, తొలకరి పడినప్పుడు, మనమే పొరుగువానితో ‘ఆ రకము రెట్టింపు పండునట’ అందుము. ఎవరు చెప్పిరని అతడడిగిన, ‘అందరును అనుచున్నారు’ అని బదులిత్తుము. మాట నిలిచినది, చెప్పినవాడు మరపునకు వచ్చినాడు.

ఇది మన పల్లెలకే పరిమితమైన బలహీనత కాదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున కార్ల్ హావ్‌లాండ్, వాల్టర్ వైస్ అను పండితులు దీనిని పరీక్షించి, ఫలితములను 1951లో ప్రకటించిరి. వారు విద్యార్థులకు ఒకే వ్యాసము నిచ్చి, నమ్మదగినవారు వ్రాసినదని కొందరికిని, నమ్మదగనివారు వ్రాసినదని కొందరికిని చెప్పిరి. చదివిన వెంటనే మొదటి వర్గమువారే ఎక్కువగా అభిప్రాయము మార్చుకొనిరి. నాలుగు వారముల పిమ్మట ఆ భేదము దాదాపు తొలగిపోయెను. నమ్మినవారి నమ్మిక కొంత సడలెను. శంకించినవారి శంకయు సడలెను.

1953లో హెర్బర్ట్ కెల్మన్, హావ్‌లాండ్ ప్రకటించిన మరియొక ప్రయోగము మనకు మిక్కిలి ఉపయోగకరమైనది. ఒక ప్రసంగము వినిపించిన మూడు వారములకు, వక్త ఎవరో కొందరికి మరల జ్ఞాపకము చేసిరి. అట్టివారిలో పూర్వపు భేదము తిరిగి కానవచ్చెను. అనగా చెప్పినవాడు మనస్సునుండి పూర్తిగా తొలగిపోలేదు. మాటకును వానికిని గల ముడి మాత్రమే వదులైనది. జ్ఞాపకము చేసినచో ఆ ముడి మరల బిగియును.

అన్నివేళల ఇట్లే జరుగునని చెప్పరాదు. ముందు మాట విని, చెప్పినవాడు నమ్మదగనివాడని ఆ తరువాత తెలిసినప్పుడు ఈ ప్రమాదము హెచ్చని 1988లో ప్రకటితమైన ప్రయోగములు తెలిపినవి. సెల్‌ఫోనులో వచ్చు వార్తలను మనము ఇట్లే చదువుచున్నాము. ముందు వార్త చదువుదుము. అది ఎచ్చటినుండి వచ్చినదో పిదప విచారింతుము, ఒక్కొక్కప్పుడు విచారింపనే విచారింపము.

కావున మనము మూడు నియమములు పాటింతము. మొదటిది, వార్త చదువుటకు ముందే అది ఎవరిదో చూతము. రెండవది, ఇతరులకు చెప్పునప్పుడు ‘అట’ అని ఊరకొనక, ఫలానావారు చెప్పిరని పేరుతో చెప్పుదము. పేరు తెలియనిచో ఆ మాట అంతటితో ఆపుదము. మూడవది, డబ్బు చెల్లించుటకు ముందు ‘ఇది నాకెవరు చెప్పిరి?’ అని ప్రశ్నించుకొందము. జ్ఞాపకము రానిచో వ్యవసాయాధికారిని అడిగి, రసీదు పుచ్చుకొని, విత్తనపు సంచిని చీటీతో సహా పంట ఇంటికి వచ్చువరకు భద్రపరతము.

గ్రామ పెద్దలకు మరియొక మనవి. మంచివాని మాటయు కాలక్రమమున బలము తగ్గును. కనుక మేలైన సలహాను ఒక్కసారి చెప్పి ఊరకుండరాదు. ఇచ్చినవారి పేరుతో అదను వచ్చినప్పుడెల్ల మరల చెప్పవలెను.

పోయిన అదను మరల ఏడాదికి గాని రాదు. దానికై చేసిన అప్పు మాత్రము ఏడాది పొడవున మన గడపలోనే యుండును.