కామ లేని గొడ్డలి
(స్మారకోపన్యాసం)



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు వడ్రంగుల ఇంట పుట్టి, బడిలో చరిత్ర చెప్పారు. నల్లబల్ల మీద ఇనుప యుగపు గొడ్డలి బొమ్మ గీసి, "దీని కామ ఏదిరా?" అని అడిగేవారు. మేం నవ్వేవాళ్లం. ఈ వయసులో ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మీ ముందు నిలబడ్డాను.

నల్లగొండ, పాలమూరు చరిత్ర మన చేతికి రాయిగానే అందింది. ముడుమాల నిలువురాళ్లు, పానగల్లు గుడులు, ఫణిగిరి బౌద్ధ శిల్పాలు, సాగర్ నీళ్లలో మునిగిన ఏలేశ్వరం. ఆ రాళ్లను చెక్కిన ఉలికి పిడి ఉండాలి, వాటిని మోసిన బండికి ఇరుసు ఉండాలి. అవేవీ మిగల్లేదు. రాక్షసగుళ్లనే ఇనుప యుగపు సమాధులు తవ్వితే ఇనుప గొడ్డలి దొరుకుతుంది, కామ ఉండదు. ఒక్కోసారి తుప్పులోనే కట్టె ఆనవాలు చిక్కుతుంది. ఇనుము తుప్పుపడుతూ పక్కనున్న కట్టెలోకి ఇంకి, దాని నారను అలాగే అచ్చుపోస్తుంది. ఫణిగిరి తోరణమూ అలాంటి ఆనవాలే. రాతిలో చెక్కినా దాని కూర్పు వడ్రంగి పనిదే: నిలువు స్తంభాలు, వాటి మీద అడ్డదూలాలు. కట్టెతోరణాలు పోయాయి, వాటిని చూసి చెక్కిన రాయి 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లింది.

కట్టె ఎందుకు పోతుంది? కట్టెను తినే బూజుకు, చెదకు తడితో పాటు గాలి కావాలి. పూర్తిగా ఎండితే తడి అందదు, పూర్తిగా మునిగితే గాలి అందదు. నడుమ ఉన్నదే చేటు. మన ఊళ్లలో తుమ్మమొద్దును నెలల తరబడి చెరువులో నానేసి, ఆ తర్వాతే నాగలికో బండికో వాడేవాళ్లు. నానిన కట్టెకు పుప్పి పట్టదని వాళ్లకు తెలుసు. అయితే వానాకాలం నిండి వేసవికి నెర్రెలు బారే చెరువులు మనవి. ఏటా తడిసి ఏటా ఎండే నేలలో కట్టె నిలవదు. మన చరిత్రలో కట్టె కనబడకపోవడానికి సగం కారణం ఈ నేల తీరే.

పూర్తిగా మునిగిన కట్టె నిలుస్తుందనడానికి సాక్ష్యం సోమశిల రేవులో పడవెక్కితే కృష్ణ అవతలి ఒడ్డున కనిపిస్తుంది. సంగమేశ్వరం గుళ్లో ఉన్నది వేపదారు లింగం. భీముడు కాశీ నుంచి లింగం తెచ్చేలోగా ముహూర్తం మించిపోతోందని, ధర్మరాజు వేపమొద్దునే లింగంగా ప్రతిష్ఠించాడని అక్కడి వాళ్ల కథ. శ్రీశైలం జలాశయం నిండాక ఆ గుడి మునిగిపోయింది. ఇరవై ఏళ్లకు పైగా నీటి కిందే ఉండి, 2003లో నీరు తగ్గాక బయటపడింది. భక్తులకు అది మహిమ. నాకు మహిమతో పాటు ఒక పాఠం కూడా: అన్నేళ్ల ఎడతెగని మునక కట్టెకు కాపలా కాసి ఉండవచ్చు. అసలు పరీక్ష ఆ తర్వాత మొదలైంది. ఇప్పుడు అది వేసవిలో తేలుతుంది, వానాకాలంలో మునుగుతుంది. అదే జలాశయం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి చేర్చి నిలబెట్టాం. రాయిని తరలించే విద్య మనకు వచ్చింది. కట్టెను కాపాడే విద్య ఇంకా నేర్వాలి.

ఆ విద్య లోకంలో ఉంది. కేరళలోని పట్టణం అనే ఊళ్లో 2007లో నీరూరే మట్టి పొరల్లో ఆరు మీటర్ల పొడవున్న పడవ, దాని పక్కనే టేకు గుంజలు దొరికాయి. రెండు వేల ఏళ్ల నాటి రేవు అది. స్వీడన్ ఓడ వాసా 1628లో మునిగింది, 1961లో పైకి తీశారు. తీసినంత మాత్రాన ఆరబెట్టలేదు. పాలిథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని నీళ్లలో కలిపి 17 ఏళ్ల పాటు దాని మీద చల్లుతూనే ఉన్నారు. ఎందుకంటే నీటిలో నానిన పాత కట్టెలో ఆకారం ఉంటుంది, చేవ ఉండదు. లోపలి గుజ్జు కరిగిపోయిన చోట నీరే దాన్ని నిలబెడుతుంది. ఎండలో పెట్టారా, ఆ నీరు పోతూ పోతూ కట్టెను లోపలికి లాగేస్తుంది. ముడుచుకుంటుంది, పగులుతుంది, చివరికి పిడచకట్టి పొయ్యిలోకి తప్ప పనికిరాదు.

ఇక మన సంగతి. మిషన్ కాకతీయ 2015లో మొదలయ్యాక చెరువుల పూడిక ట్రాక్టర్లకెక్కి చేలకు చేరింది. రైతుకు మేలే జరిగింది. కానీ చెరువు అట్టడుగున ఎన్నడూ ఎండని నల్లమట్టి, పాత బావుల్లోని బురద, మన మెట్టనేలలో పాత కట్టె దాగగల చోట్లు అవే. అక్కడ మొదటి దెబ్బ వేసేది పురావస్తు శాస్త్రజ్ఞుడు కాదు. జేసీబీ నడిపే పిల్లవాడు, గడ్డపార పట్టిన కూలీ. ఊరూరా ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు చేతులవి. చెప్పవలసింది వాళ్లకే. మూడే మాటలు: చెక్కిన కట్టె కనబడితే కదపొద్దు, ఎండనీయొద్దు, తడిగోనె కప్పి తహసీల్దారుకో పురావస్తు శాఖకో కబురు పెట్టండి.

మాస్టారు అడిగిన కామ నాకింకా దొరకలేదు. దొరికిన రోజున దాన్ని ఎవరూ ఒడ్డున ఆరేయకుండా ఉంటే చాలు.