ఇంద్రావతీ తీరమున కొలత పరికరములు: వాని స్థాపన, వాని సంరక్షణ

(సంఘ సభ్యుల సమావేశమున జరిగిన ఉపన్యాసమునకు పాఠము)



భద్రాచలమున గోదావరి పొంగునప్పుడు ప్రతి యింట ఒకే ప్రశ్న వినబడును: "ఇప్పుడు ఎన్ని అడుగులు?" 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. చదువురాని వారికి సైతము ఈ మూడంకెలు కంఠస్థములే. 1986 ఆగస్టు 16వ తేదీన ఆ మట్టము 75.6 అడుగులకు చేరినది. 2022 జూలై 16న 71.3 అడుగులకు చేరినది. ఇల్లు వదలి పోవలెనా, మరియొక రాత్రి వేచియుండవలెనా యను నిర్ణయము వేలకొలది కుటుంబములకు ఆ అంకె పైననే ఆధారపడియుండును. కాని ఆ అంకె ఎక్కడ పుట్టినది, దానిని పుట్టించుటకు ఎవరు ఏ సాహసము చేసిరి అని అడుగువారు అరుదు. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

భద్రాచలమునకు వచ్చు వరదలో ఒక ముఖ్యభాగము బస్తరు అడవులనుండి వచ్చును. ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టిన ఇంద్రావతి సుమారు 535 కిలోమీటర్లు ప్రవహించి గోదావరిలో కలియును. జగదల్పూరు పట్టణము ఆ నది యొడ్డుననే యున్నది. అక్కడికి పడమరగా చిత్రకోట వద్ద ఆ నది తొంబది అడుగులకు పైబడిన ఎత్తునుండి దూకును. బస్తరు దక్షిణాంచున శబరి ప్రవహించును. కొంట మీదుగా వచ్చి కూనవరము వద్ద అది గోదావరిని చేరును. భోపాలపట్నము, కొంట ప్రాంతములలో తెలుగు మాట నేటికిని వినవచ్చును. 1998 వరకు బస్తరు కేరళ రాష్ట్రము కంటె విశాలమైన ఒకే జిల్లాగా నుండెను. నేడు ఆ ప్రదేశము ఏడు జిల్లాలైనది. ఇంత విశాలమైన అడవిలో కురిసిన వానను కొలిచి, ఏరు పెరిగిన వార్తను దిగువకు ముందుగా పంపుట సులభకార్యము కాదు.

నదుల కొలతకు బాధ్యత వహించు కేంద్ర జల సంఘము 1945లో ఏర్పడిన సంస్థ నుండి వచ్చినది. వరద సూచనల పని 1958లో ఢిల్లీ వద్ద యమునపై ప్రారంభమై, క్రమముగా దేశమందలి ఇతర నదులకు వ్యాపించినది. ఆ పని కేవలము వరదకాలమునకే కాదు. 1975లో నాటి ఒరిస్సా, మధ్యప్రదేశ్ రాష్ట్రముల మధ్య జరిగిన ఒడంబడిక ప్రకారము, సాధారణ సంవత్సరమున సరిహద్దు వద్ద ఇంద్రావతిలో 45 టి.ఎం.సి.ల నీరు లభింపవలెను. సరిహద్దు సమీపమున జోరానాలా గుండ ఇంద్రావతి నీరు శబరివైపు మరలుటచేత వేసవిలో జగదల్పూరు వద్ద నది సన్నగిల్లుచుండును. వానకాలమున ప్రాణరక్షణకును, వేసవియందు న్యాయమైన పంపకమునకును ఆధారము ఒక్కటే: నమ్మదగిన కొలత.

కొలత సాధనములలో మొదటిది నీటియొడ్డున నిలిపిన గేజి పలక. సెంటీమీటర్ల గీతలు గల రేకు పలకలను మెట్లు మెట్లుగా ఏటిలోనికి పాతుదురు. గేజి రీడరు వానాకాలమున గంటగంటకు, రాత్రులందు టార్చిలైటు వెలుతురున, ఆ గీతను చదివి వ్రాసికొనును. రెండవది నీటిలో మునిగియుండు పీడన సెన్సారు. తనపైనున్న నీటి బరువును బట్టి అది లోతును చెప్పును. మూడవది వంతెనకు వ్రేలాడగట్టిన రాడారు సెన్సారు. అది నీటిని తాకదు. పైనుండి తరంగమును పంపి, అది తిరిగివచ్చు కాలమును బట్టి నీటికి గల దూరమును లెక్కించును. వీనికి తోడుగా ఒడ్డున వర్షమానిని, గాలివేగమును కొలుచు గిన్నెల యంత్రము గల స్తంభము, సోలారు పలక, బ్యాటరీ, ఉపగ్రహమునకు వార్త పంపు ఏంటెన్నా ఉండును. గాలి యంత్రమును బయలునేలపై పది మీటర్ల యెత్తున నుంచవలెనని అంతర్జాతీయ నియమము. పది మీటర్లనగా మూడంతస్తుల మేడ యెత్తు. అపాయము అక్కడనే ప్రారంభమగును.

ఈ పరికరములకొక విచిత్ర స్వభావము కలదు. చెడిపోయిన గడియారము ఆగిపోయినట్లు ఇవి ఆగిపోవు. తప్పు చెప్పుచునే యుండును. వర్షమానిని గరాటులో రెండు సాల ఆకులు అడ్డుపడినచో, బయట కుండపోతగా కురియుచున్నను యంత్రము "సున్న" యనియే వార్త పంపును. వాన లేని నాటి సున్నకును, ఆకు అడ్డుపడిన నాటి సున్నకును కాగితముపై భేదము లేదు. రాడారు సెన్సారు క్రింద కందిరీగలు గూడు కట్టినను, పీడన సెన్సారుపై ఒండ్రు పేరుకొన్నను ఇదే గతి. కావున ఎవరో యొకరు పోయి చూడక తప్పదు. చూచుటకు పోయినవారు క్షేమముగా తిరిగి రావలెను. ఈ రెండును ఒకే పనికి రెండు ముఖములు.

స్థాపన విషయమున మొదటి నిర్ణయము స్థలము. చెట్లు, కట్టడములు గాలిని అడ్డగించును గనుక, అడ్డు ఎంత యెత్తో దానికి పది రెట్ల దూరమున గాలి స్తంభము నుండుట మంచిది. కరెంటు తీగెలకు, స్తంభము పొరపాటున ఏ దిక్కునకు కూలినను తగులనంత దూరముండవలెను. వంతెనపై సెన్సారును కట్టునప్పుడు స్తంభపాదముల చెంత కట్టరాదు. అక్కడ నీరు ఎగదన్ని సుడులు తిరుగుచుండును. వేసవిలో నీరు ఏ పాయకు కుంచించుకొనిపోవునో ఆ పాయమీదనే సెన్సారు చూపు పడవలెను. లేనిచో నాలుగు నెలలు అది ఇసుకను కొలుచుచు కూర్చుండును.

స్థలముతోపాటు గ్రామము. అడవిపల్లెలో ఒకనాడు హఠాత్తుగా ఇనుప స్తంభము లేచినచో గ్రామస్థులకు అనుమానము కలుగుట సహజము. పని మొదలిడుటకు ముందే గ్రామసభలో కూర్చుండి, గోండీలోనో, హల్బీలోనో, దక్షిణమున తెలుగులోనో, ఇది వానను కొలుచు యంత్రమని, మీ ఏటి వార్తయే దీనిలో చేరునని చెప్పవలెను. కంచె ఎంత గట్టిదైనను ఊరివారి ఆదరణకు సాటిరాదు. సోలారు పలక దొంగల పాలగుట, స్టే వైర్లకు పశువులను కట్టుట వంటివి ఈ ఒక్క మాటతో చాలవరకు తగ్గును.

పునాది కాంక్రీటు పూర్తి బలమును పొందుటకు 28 దినములు పట్టును. నిన్న పోసి నేడు స్తంభము నెత్తుట తొందరపాటు. స్టే వైర్లు మూడు దిక్కుల సమాన దూరమున, సమానమైన బిగువుతో నుండవలెను. ఒకటి బిగిసి రెండు వదులైనచో ఈదురుగాలికి స్తంభము మెలిపడును. పిడుగు నాకర్షించు కడ్డీ అన్ని పరికరముల కంటె ఎత్తున నుండి, దాని తీగె వంకరలు లేక నేరుగా ఎర్తు గుంతలోనికి దిగవలెను. బస్తరులోని ఎఱ్ఱ రాతినేల వేసవిలో ఎండిపోవును. ఎండిన నేల విద్యుత్తును త్వరగా గ్రహింపదు. కనుక ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తు గుంతను నీటితో తడుపుచు, తొలకరికి ముందు పరీక్షించి చూడవలెను.

స్తంభమెక్కు పనికి వచ్చునప్పటికి నియమములు కఠినముగా నుండవలెను. ఒంటరిగా ఎవరును ఎక్కరాదు. నడుముకు మాత్రమే కట్టు బెల్టు చాలదు. భుజములను, తొడలను పట్టియుంచు పూర్తి హార్నెస్సు కావలెను. దానికి రెండు కొక్కెములుండును: ఒకటి విప్పునప్పుడు రెండవది తగిలియే యుండవలెను. స్పానర్లను త్రాటితో మణికట్టునకు కట్టుకొనవలెను. పైన పని జరుగునంతసేపు క్రింద ఎవరును నిలువరాదు. పట్టుజారినవాడు హార్నెస్సులో వ్రేలాడుచున్నచో ప్రమాదము గడచినదని తలచరాదు. నిశ్చలముగా వ్రేలాడువానికి రక్తప్రసరణ మందగించి కొలది నిమిషములలోనే స్పృహ తప్పవచ్చును. కాబట్టి దింపు ఉపాయము తెలిసిన రెండవ మనిషి, త్రాడు సిద్ధముగా క్రింద నుండవలెను. ఒక పతనమును ఆపిన హార్నెస్సును మరల వాడరాదు. ఉరుము వినబడినంతనే దిగవలెను. చివరి ఉరుము తరువాత అరగంట గడచువరకు ఎక్కరాదు.

ఏటి వద్ద నియమములు వేరు. ఎగువన కురిసిన వాన గంటల తరువాత దిగువకు వచ్చును. పైన ఆకాశము నిర్మలముగా నున్నదని ఏరు నమ్మదగినది కాదు. గేజి పలకల బురద కడుగుటకు దిగువాడు లైఫ్ జాకెట్టు ధరించి, ఒడ్డున త్రాడు పట్టిన తోడు ఉన్నప్పుడే దిగవలెను. వరదవేళ పలక మునిగినచో దానికొరకు ఎవరును నీటిలో దిగరాదు. ఆ గంట కొలత పోయినను పోనిమ్ము. వంతెన అడుగున తేనెపట్టు ఉన్నదేమో దూరమునుండి చూచిన పిమ్మటనే దగ్గరకు పోవలెను. పరికరముల పెట్టె తలుపును చేతితో కాక కఱ్ఱతో తెరచుట మేలు; వెచ్చదనమునకు పాములు అందు చేరును.

సంరక్షణ కొక వార్షిక క్రమముండవలెను. ఏప్రిలు, మే మాసములలో తుప్పు గీచి రంగు వేయుట, బోల్టులు బిగించుట, బ్యాటరీ బలము చూచుట, సోలారు పలక దుమ్ము తుడుచుట, పీడన సెన్సారు గాలిగొట్టములోని తేమ పీల్చు పలుకులను మార్చుట. వానాకాలమున గరాటులోని ఆకులు తీయుట. పోయిన ప్రతిసారియు సెన్సారు చెప్పు మట్టమును, గేజి పలకపై కంటికి కనబడు మట్టమును ప్రక్క ప్రక్కన వ్రాసియుంచుట. ఈ రెండింటి భేదమే యంత్రమునకు నాడి. వరద పోయిన తరువాత పలకలు క్రుంగినవేమో స్థిరమైన బెంచిమార్కుతో సరిచూడవలెను. పలక నాలుగు వేళ్ళు క్రుంగినచో ఆ సంవత్సరపు లెక్కలన్నియు నాలుగు వేళ్ళు అబద్ధమాడును.

ఇంతవరకు చెప్పినది ఇంజనీర్ల పని యని కచేరీలలోని వారు భావింపవచ్చును. కాని పెక్కు ప్రమాదములకు బీజము కచేరీ బల్లమీదనే పడును. అంచనా పత్రములో స్తంభము వెల ఉండును. హార్నెస్సు వెల ఉండదు. స్థాపనకు గ్రాంటు ఉండును. మూడవ సంవత్సరపు తనిఖీకి ఉండదు. ఫైలు బల్లలు మారుచుండగా ఫిబ్రవరి గడచి, మార్చి 31 లోపల సొమ్ము ఖర్చు కావలెనని యంత్రమును కొందురు. గొడౌనులో రెండు నెలలు పడియున్న పిదప జూనులో, ఋతుపవనములు వాకిట నిలిచిన వేళ, స్తంభమును ఎత్తుదురు. అప్పుడు పైకి ఎక్కువాడు తరచుగా దినకూలి. రక్షణ సామగ్రి స్టాకు రిజిస్టరులో ఒక పుటపై నుండును. కూలివాని వీపుపై నుండదు. "రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవనేల" అని అతడు ధైర్యముగా అనవచ్చును. అతని చేత ఆ మాట అనిపించుట కచేరీకి గౌరవము కాదు.

దీనికి నివారణ మహావ్యయముతో కూడినది కాదు. మొదటిది: స్తంభము మొదట కీలు పెట్టి, దానిని నేలకు వంచి పని చేసికొని మరల నిలబెట్టు రకమును కొనుట. వంతెనపై సెన్సారును రోడ్డువైపునకు తిప్పుకొను చేతికి అమర్చుట. మనిషి యంత్రమునొద్దకు ఎక్కుట కంటె యంత్రము మనిషినొద్దకు దిగుట మేలు. టెండరులో అతి తక్కువ వెలను చూచునప్పుడు ఈ కీలు గల స్తంభము కొంచెము ఖరీదుగా కనబడును. పది సంవత్సరముల లెక్కలో అదియే చౌక. రెండవది: అంచనాలోనే వార్షిక తనిఖీకి, రక్షణ సామగ్రికి, విడిభాగములకు వేర్వేరు పద్దులు వ్రాయుట. మూడవది: "వాతావరణము అనుకూలింపక పని ఆపితిమి" అని వ్రాసిన ఉద్యోగిని సంజాయిషీ అడుగకుండుట. ఆ ఒక్క వాక్యము వ్రాయుటకు స్వేచ్ఛ ఉన్నచోట ప్రాణనష్టము అరుదుగా జరుగును. ఈ మూడును చేయవలసినది కలము పట్టిన చేయియే.

ఒక గంట కొలత పోయినచో ఎగువ దిగువ కేంద్రముల లెక్కలనుండి దానిని కొంతవరకు ఊహింపవచ్చును. ప్రాణము పోయినచో ఏ లెక్క నుండియు తేలేము. అట్లని కొలతను నిర్లక్ష్యము చేయుటకును వీలు లేదు. దిగువన భద్రాచలము, కూనవరము, ధవళేశ్వరము, వాని వెనుక గోదావరి లంకలు ఆ అంకెకై ఎదురు చూచుచుండును. ఎక్కువానిని కాపాడిననే అంకె నిలుచును. అంకె నిలిచిననే ఊరు నిలుచును.

ఇక్కడ కూడిన కుటుంబములలో గోదావరీ తీరమున బంధువులు లేనివి అరుదు. ఈ సంవత్సరము శ్రావణమాసమున ఇంటినుండి ఫోనులో "నది ఎన్ని అడుగులున్నది" అను మాట విన్నప్పుడు, ఇంద్రావతి వంతెనపై తడియుచు గరాటులోని ఆకు తీయుచున్న ఒక మనిషిని ఒక్క క్షణము తలచుకొనుడు. మరునాడు కచేరీలో అతని హార్నెస్సు ఫైలు బల్లమీదికి వచ్చినచో, దానిని మరియొక బల్లకు పంపక ఆనాడే పరిష్కరింపుడు. అదియే ఈ ప్రసంగమునకు ఫలశ్రుతి.