ఖోఖో ప్రపంచకప్పు – మన బాలికల మైదానము

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము వేరుసెనగ వ్యాపారము చేయువారము, ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించినవారము. క్రీడలను గూర్చి ప్రసంగించుటకు మాకు గల అర్హత మిక్కిలి స్వల్పము. చిన్ననాట పాఠశాల ఆవరణలో సున్నపు గీతల నడుమ ఖోఖో ఆడి మోకాళ్లు గీచుకొంటిమన్నదొక్కటే మా యోగ్యత. అయినను ఆ యాట నేడు ప్రపంచపు ఆట అయినందునను, దానిని నిమిత్తముగా గొని మనము తేల్చుకొనవలసిన విషయమొకటి యున్నందునను నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

2025వ సంవత్సరము జనవరి 13వ తేదీ మొదలు 19వ తేదీ వరకు ఢిల్లీ నగరమున ఇందిరాగాంధీ ఇండోర్ స్టేడియములో ఖోఖో మొదటి ప్రపంచకప్పు పోటీలు జరిగినవి. 23 దేశములనుండి పురుషుల జట్లు 20, స్త్రీల జట్లు 19 వచ్చినవి. ప్రియాంకా ఇంగళే నాయకత్వమున మన స్త్రీల జట్టు తొలి ఆటలోనే దక్షిణ కొరియాను 175–18 తేడాతో ఓడించెను. తుది ఆటలో నేపాళమును 78–40తో గెలిచెను. ప్రతీక్ వాయ్‌కర్ నాయకత్వమున పురుషుల జట్టు అదే దినమున అదే నేపాళమును 54–36తో గెలిచెను. ఒకే స్టేడియము, ఒకే సాయంకాలము, రెండు కప్పులు.

ఈ విజయములో మనకు రెండు వైపుల బంధుత్వము కలదు. పురుషుల జట్టులో కర్ణాటకకు చెందిన ఎం.కె. గౌతమ్, ఆంధ్రప్రదేశమునకు చెందిన పోతిరెడ్డి శివారెడ్డి కలిసి ఆడిరి. స్త్రీల జట్టులో మైసూరు జిల్లా టి. నరసీపుర తాలూకా కురుబూరు గ్రామపు బాలిక చైత్ర ఆడెను. మూడు దిక్కుల ఆంధ్రసీమ చుట్టుకొని యున్న పావగడ తాలూకా వారము మనము. ఇంట తెలుగు, కచేరిలో కన్నడము. ఈ ముగ్గురిలో ఎవరు మనవారని అడిగిన, ముగ్గురును మనవారే.

ఆటయొక్క పద్ధతిని గమనింపుడు. తరుమువారి జట్టు ఒకే వరుసలో కూర్చుండును. ఒకరు ఇటు ముఖమైన, ప్రక్కవారు అటు ముఖము. తరుమువాడు మధ్యగీత దాటరాదు, పట్టిన దిక్కు విడిచి వెనుకకు మరలరాదు. తనకు సాధ్యము కానప్పుడు కూర్చున్న వాని వీపు తట్టి ‘ఖో’ యనవలెను. వాడు లేచి పరుగెత్తవలెను. ఆ మాటకు తెలుగున గాని కన్నడమున గాని తర్జుమా అక్కరలేదు. చెరియొక దిక్కు చూచుచును ఒకే గీతపై కూర్చున్నవారు ఒకరి పిలుపునకు మరియొకరు లేచుట ఈ యాటలోని బలము. మనవంటి సరిహద్దు ప్రజలకు ఇంతకన్న మంచి పాఠము వేరొండు కనబడదు.

ఈ యాటకు పూనా నగరమున గత శతాబ్దపు ఆరంభమున నియమములు వ్రాసిరి. తొలి జాతీయ పోటీలు జరిగినది మన తెలుగుగడ్డ మీదనే, 1959–60లో విజయవాడలో. అవి పురుషులకు మాత్రమే. మరుసటి సంవత్సరమే కొల్హాపురమున స్త్రీలకును జాతీయ పోటీలు ఆరంభమైనవి. ఈ ఒక్క సంవత్సరపు వ్యవధి ఎంత స్వల్పమో తెలియవలెనన్న, దూరదేశపు ఆటనొకదానిని చూడవలెను.

స్కాట్లండు దేశమున గడ్డకట్టిన చెరువులపై రాతిని జార్చి గురి చేర్చు ఆట యొకటి కలదు. దాని పేరు కర్లింగ్. ఒక్కొక్క రాయి సుమారు 20 కిలోల బరువు. ఐల్సా క్రెయిగ్ అను చిన్న దీవి గ్రానైటు దానికి మిక్కిలి ప్రసిద్ధము. కొండక్రింద బండల నడుమ పెరిగిన మనకు రాయి క్రొత్త కాదు గాని, నిలుచుటకు చాలినంత మంచు మాత్రము మనమెరుగము. 1838లో వారు సంఘము కట్టి నియమములు స్థిరపరచిరి; కెనడాకు వలసపోయినవారు భాషతోపాటు ఆటనుకూడ కొనిపోయిరి. 1959లో, అనగా మన విజయవాడ పోటీల కాలముననే, ఆ రెండు దేశముల పురుషుల జట్లు పోటీ పడగా అది ప్రపంచ పోటీలకు మొదలయ్యెను. స్త్రీల ప్రపంచ పోటీలు 1979లో గాని రాలేదు. 1998లో నగానో ఒలింపిక్ క్రీడలయందు ఇరువురికిని ఒకేసారి పతకములు దక్కినవి. అక్కడ ఇరువది సంవత్సరములు పట్టిన పని ఇక్కడ ఒక్క సంవత్సరమున జరిగినది. మన పెద్దలు అంత త్వరగా తెరచిన తలుపును మన యిండ్లలో మనమే మూయుచున్నాము. ఇదియే మేము చెప్పవచ్చిన సంగతి.

పరుల మాట ఏల? మా యింటి లెక్కయే చెప్పెదము. మా కుమార్తె తొమ్మిదవ తరగతిలో నుండగా తాలూకా ఖోఖో జట్టున కెంపికయ్యెను. జిల్లా పోటీలు తుమకూరులో. ఇచటికి సుమారు నూరు కిలోమీటర్లు. ఒక రాత్రి అచట నుండవలెను. ‘ఆడపిల్లకు అదేల?’ అని మా తల్లిగారు అనిరి, మేమును వలదంటిమి. అదే సంవత్సరము మా కుమారుడు క్రికెట్టు పోటీకి బెంగళూరు పోయెదనన్న, బస్సు చార్జీ చేతనిడి పంపితిమి. ఆ దినపు చిట్టాలో ఈ రెండు సంగతులును ఏ పద్దు క్రింద వ్రాయవలెనో మాకు నేటికిని తెలియదు. జనవరి 19వ తేదీన తుది ఆటను టెలివిజనులో ఇంటిల్లిపాది చూచితిమి. మా కుమార్తె మారుమాటాడక చూచి, ఆట ముగిసిన పిమ్మట, ‘నాయనా, కంబం దగ్గర ఆ మలుపు నేనూ తిరిగేదాన్ని’ అని లోనికి పోయెను. నింద లేదు, కన్నీరు లేదు. మాకు మాత్రము ఆ రాత్రి నిద్ర రాలేదు.

బాలికలను మాన్పించుటకు మనమిచ్చు కారణములన్నియు అబద్ధములని మేమనము. ప్రయాణము దూరము, తోడు పోవువారు లేరు, కూలి చేయు ఇంట ఖర్చు బరువు. ప్రపంచకప్పు గెలిచిన గౌతమ్, చైత్రలే తమకు ప్రకటింపబడిన 5 లక్షల రూపాయల పారితోషికము చాలదని తిరస్కరింపవలసి వచ్చెను. గెలిచినవారి స్థితియే ఇట్లుండగా, హోబళి పోటీకి పోవు బాలిక బస్సు చార్జీని ఎవరు తలతురు? మనమే తలపవలెను. ఇవి తీర్పదగిన కష్టములు. తీర్చిన పిమ్మట మిగులునది మన జంకు మాత్రమే.

కావున మూడు విన్నపములు. ఒకటి: ఖోఖోకు కావలసినవి చదునుచేసిన నేల, రెండు కంబములు, సున్నము. మన వర్తకులు పంట కాలమున తలా కొంత ఇచ్చిన, ఇవి ప్రతి ఉన్నత పాఠశాలకును సమకూడును. రెండు: మన సంఘము క్రీడలకు వ్యయపరచు ధనమున సరిసగము బాలికలకు ప్రత్యేకింపవలెను, ఊరు దాటి పోవునపుడు ఉపాధ్యాయినియో, ఒక తల్లియో తోడు పోవలెను, వారి ఖర్చు సంఘమే భరింపవలెను. మూడు: తొమ్మిదవ తరగతి బాలికను మైదానమునుండి మాన్పింపదలచిన తండ్రి ముందు ఆ బాలికను ఒక్కమాట అడుగవలెను. మేమడుగలేదు.

మొదటి చందాగా, నాడు మా కుమారునకిచ్చిన బస్సు చార్జీకి పదింతలు ఈ దినముననే కోశాధికారిగారికి చెల్లించుచున్నాము. అది దానము కాదు; బాకీ. వెనుకనుండి ‘ఖో’ యని పిలుపు వినబడినది. లేచుట మన వంతు.