వేసవి సెలవులు – మన బిడ్డలు

(మహాసభలో గావించిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, నూలు ధరలను గూర్చియు పెద్దలు ఇదివరకే విపులముగా ప్రసంగించియున్నారు. నాకు నియమింపబడిన విషయము చిన్నదిగా తోచవచ్చును గాని అది ప్రతి గృహమునకును సంబంధించినది. బడి మూసిన దినములలో మన బిడ్డలు ఏమి చేయవలెను?

2025వ సంవత్సరమున మన రెండు తెలుగు రాష్ట్రములయందును వేసవి సెలవులు ఏప్రిల్ 24 మొదలు జూన్ 11 వరకు నడచినవి. అనగా 49 దినములు; సరిగా ఏడు వారములు. ఈ ఏడు వారములు బిడ్డలకు పండుగ, తలిదండ్రులకు చిక్కు. కొందరు రాబోవు తరగతి పాఠములకై బిడ్డను మరల ట్యూషనులో బంధించుచున్నారు. కొందరు సెల్‌ఫోను చేతికిచ్చి, ఇంట అల్లరి లేకున్న చాలునని తృప్తి చెందుచున్నారు. నేతపని చేయు మన యిండ్లలో మూడవ మార్గమొకటి కలదు. కండెలు చుట్టుటకు రాట్నము ముందు కూర్చుండబెట్టి, ఉదయము మొదలు దీపములు పెట్టు వేళ వరకు లేవనీయకుండుట.

ఈ మూడవ మార్గమును గూర్చి నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. 1986 నాటి బాలకార్మిక నిషేధ చట్టమును 2016లో సవరించిరి. పదునాలుగేండ్లలోపు బిడ్డలను ఏ పనిలోను నియమింపరాదనియు, అపాయకరము కాని సొంత కుటుంబపు పనిలో మాత్రము బడివేళలు ముగిసిన పిదపగాని, సెలవులలోగాని సాయపడవచ్చుననియు అందున్నది. సాయము వేరు, కూలి వేరు. గంటసేపు తండ్రి ప్రక్కన కూర్చుండి నేర్చుకొనునది సాయము. తండ్రి అప్పు తీరుటకై దినమంతయు చేయునది కూలియే. మన ఆడుబిడ్డలకు సెలవులనగా చీపురును, అంట్లును, తమ్ముని ఎత్తుకొనుటయు అగుచున్నవి. ఇదియు కూలియేయని తల్లులు గ్రహింపవలెను.

మరి వృత్తిని బిడ్డలకు చూపవలదా? తప్పక చూపవలెను, అయితే విద్యగా చూపవలెను. మన మగ్గములో ఎంత గణితమున్నదో చూడుడు. నూలు చిలప ఒకటికి 840 గజములు. ఒక పౌను తూకమునకు ఎన్ని చిలపలు తూగునో అదియే నూలు నంబరు. 80వ నంబరు నూలు ఒక పౌను ఎంత పొడవుండునని మీ బిడ్డను అడుగుడు. 67,200 గజములని లెక్కకట్టును. దానిని కిలోమీటర్లలోనికి మార్చుమనుడు. 61 కిలోమీటర్లు దాటును. అరకిలోకైన చాలని నూలు, ఇంచుమించు విజయవాడనుండి ఏలూరు వరకు సాగునని తెలిసిన బాలుడు ఆశ్చర్యపడకుండునా? గుణకారము వానికి మరల భయము కలిగించునా?

కన్నులు తెరచి ఇంటి పనిని చూచుటవలన ఎంతటి ఫలము కలుగునో శ్రీ చింతకింది మల్లేశముగారి చరిత్రమే తెలుపుచున్నది. ఆలేరు ప్రాంతమునందలి శారాజీపేటలో నేత కుటుంబమున జన్మించిన వీరికి పేదరికమువలన బడి చదువు ఆరవ తరగతితో నిలిచిపోయెను. తల్లి లక్ష్మిగారు చీరకు ఆసు పోయుటలో వేలకొలది పర్యాయములు చేయి త్రిప్పి భుజముల నొప్పితో బాధపడుట చూచి, 1992లో యత్నమారంభించి 1999లో ఆసు యంత్రమును సిద్ధపరచిరి. దానికి తల్లి పేరే పెట్టిరి. 2017లో పద్మశ్రీ బిరుదము వీరికి లభించెను. బడి దక్కకపోవుట మనకు ఆదర్శము కాదు. తల్లి శ్రమను గమనించిన ఆ చూపు మనకు ఆదర్శము. బడియు ఆ చూపును రెండును గల బిడ్డ ఇంకెంత సాధింపగలడో యోచింపుడు.

ఉదయము ఎండ ముదరకముందు ఆటలు. పిదప ఒక గంట మగ్గము చెంత. మధ్యాహ్నము నీడపట్టున పుస్తకములు, పులిజూదము, వామనగుంటలు. మూడు పులులను పదునైదు మేకలతో కట్టివేయు యుక్తి ఏ ట్యూషనులోను దొరకదు. ఆ ఆట నేర్పవలసినవారు ఇంటిలోని తాతయు, అమ్మమ్మయునే. సెలవులలో బిడ్డలకు మిక్కిలి కొరతపడునది పెద్దల సాంగత్యము. ఈతయు అట్లే నేర్పవలెను. పెద్దవారు తోడులేక కాలువలకును, చెరువులకును పోయిన బాలురు వేసవిలో ఎందరు తిరిగిరాలేదో మన గ్రామములు ఎరుగును. పోవలదని కసరుట చాలదు, వెంట పోవలెను.

పుస్తకములు ఎక్కడివందురా? 1935లో కొల్లిపర ప్రాంతపు కాలువమీద పడవలో పుస్తకములు పెట్టుకొని గ్రామగ్రామమునకు చేర్చిన జాతి మనది. నేడును ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను మనము చెల్లించుచునే యున్నాము. చెల్లించిన సొమ్మునకు తగిన పుస్తకములను మన బిడ్డలు చదువుచున్నారా? సభ్యత్వమునకై వారిని వెంటబెట్టుకొని ఎందరము గ్రంథాలయమునకు పోయితిమి?

తుదకు దాతలకు నా విన్నపము. మన సంఘ భవనములు వేసవిలో పెండ్లిండ్లకు బాడుగకిచ్చుచున్నాము. ముహూర్తములు లేని దినములలో ఉదయము పది గంటలు మొదలు సాయంకాలము నాలుగు గంటల వరకు ఒక్క గదిని బిడ్డలకై తెరచి ఉంచుడు. ఒక బీరువా పుస్తకములు, ఒక కుండెడు చల్లని నీరు, ఒక చిన్న మగ్గము, వంతులవారీగా కూర్చుండు ఇద్దరు పెద్దలు చాలును. కులమువారి బిడ్డలని గాని, పరులవారి బిడ్డలని గాని భేదము వలదు. నీడకు కులము లేదు. విరాళములిచ్చిన మహనీయులు వారమునకు ఒక పూట తమ కాలమునుగూడ ఇచ్చినచో, వచ్చు జూన్ మాసమున మన బిడ్డలు బడికి ఉత్సాహముతో మరలుదురు.